ఈ నంబరు విజయకుమారిది

"దుర్గకి ఏదన్నా మంచి మెసేజిల యాప్ చూడు. సేఫ్‌గా ఉండాలి. నువ్వే చూడాలి మరి, ఇంట్లో తీరిగ్గా ఉండేది నువ్వేగా" అన్నాడు శేషగిరి, భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటూ.

ఆ మాట చెవిన పడేసరికి విజయకుమారి ఒక చేత్తో అతనికి తువ్వాలు అందిస్తోంది. రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని ఆకివీడు నుంచి వచ్చిన వాయిస్ మెసేజి వింటోంది. పొయ్యి మీద మామగారి పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆకివీడు కొట్టాయన దగ్గుతూ దగ్గుతూ, ఈసారి చిన్న ఉల్లిపాయలు పంపొద్దనీ, కిందటి బస్తాలో సగం కుళ్ళినవే వచ్చాయనీ, ఆ సంగతి అయ్యగారికి గట్టిగా చెప్పమనీ అంటున్నాడు. గట్టిగా చెప్పాల్సిందీ ఆమే, చెప్పినందుకు మాట పడాల్సిందీ ఆమే. తీరిక అంటే ఇదే కాబోలు అనుకుంటూ పాలు దించింది.

తాడేపల్లిగూడెంలో వాళ్ళది ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. మామగారు పాండురంగారావు పెట్టిన షాపు. ఉంగుటూరు, దెందులూరు చుట్టుపక్కల పల్లెల దగ్గర్నుంచి కొల్లేటి లంకల దాకా ఉన్న చిల్లర కొట్లన్నీ అక్కడి నుంచే సరుకు తీసుకుంటాయి. వాళ్ళ ఆర్డర్లన్నీ వచ్చేది విజయకుమారి ఫోనుకే. ఆ నంబరు ఆమె ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు వాళ్ళ నాన్న కొనిచ్చింది. కూతురు దుర్గకి ఏడాది నిండిన కొత్తలో షాపు బోర్డుకి రంగులు వేయిస్తూ, "నా ఫోను ఎప్పుడూ ఎంగేజేగా. నీకైతే ఎవరు చేస్తారు?" అని శేషగిరి ఆ నంబరే రాయించాడు. బోర్డు మీద ఎర్ర రంగులో తన నంబరు చూసుకుని అప్పుడు మురిసిపోయింది కూడా. మురవడం వారం రోజులు, ఎత్తడం పదేళ్ళు. పొద్దున్నే గులాబీ పువ్వుల బొమ్మలతో గుడ్‌మార్నింగులు పంపే మగాళ్ళ గురించి ఒకసారి చెప్తే, "కస్టమర్లు విజయా, ఓ దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకో" అన్నాడు. ఊరుకుంది.

శేషగిరి తువ్వాలు కుర్చీ మీద పడేసి, ఎలాంటి యాప్ కావాలో కూడా చెప్పాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళెవరూ పిల్లకి మెసేజి పెట్టడానికి వీల్లేకుండా ఉండాలి. వచ్చినవీ పంపినవీ పెద్దవాళ్ళకి కనపడాలి. "షాపులో సిస్టమ్‌కి కూడా కలిపెయ్. నీకు కుదరకపోయినా మేం చూస్తుంటాం" అన్నాడు.

అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. విజయకుమారి ఎంగిలి కంచం తియ్యడం మర్చిపోయి అక్కడే నిలబడిపోయింది. వాళ్ళు చూస్తే ఏమవుతుందో ఆమె కిందటి నెలలోనే చూసింది.

అది ఒక గురువారం సాయంత్రం. ఇంటికి ఏనాడూ తోటకూర కట్ట కూడా మోసుకురాని పాండురంగారావుగారు, ఆ రోజు స్వయంగా నువ్వులూ బెల్లం పొట్లాలు పట్టుకుని గుమ్మంలోకొచ్చారు. మొహం వెలిగిపోతోంది. "అమ్మాయ్, చాప వేసి పిల్లని కూర్చోబెట్టండి. చిమ్మిలి దంచండి. పంతులుగారితో మాట్లాడేశాను, మంచి ఘడియే" అన్నారు. విజయకుమారికి ఏమీ అర్థం కాలేదు. ఏ పిల్లని అని అడగబోయింది కూడా. అత్తగారు మాత్రం అప్పటికే చాప దులుపుతోంది. ఆవిడకి షాపు నుంచి ఫోను వచ్చిందట.

వెనక గదిలో సాయిదుర్గ లెక్కలు చేసుకుంటోంది. పదకొండు నిండి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు, ఆరో తరగతి. తల్లి మొహం చూసింది, తల్లి వెనక చాపతో నిలబడ్డ నాయనమ్మని చూసింది. ఎర్రబడాల్సిన మొహం తెల్లగా పాలిపోయింది. "నేను జాయ్సీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నువ్వు చదివేసి అందరికీ చెప్పేశావా?" అంది.

జాయ్సీ, దుర్గ ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. జాయ్సీ వాళ్ళ నాన్న కృపానందానికి రైల్వేలో ఉద్యోగం, కిందటేడు ఏలూరు బదిలీ అయింది. అప్పటి నుంచీ పిల్లలిద్దరూ తల్లుల ఫోన్లలోంచే కబుర్లు చెప్పుకుంటున్నారు. 'ఆంటీ, దుర్గకి ఇవ్వండి' అని అటు నుంచి వస్తే, విజయకుమారి ఆర్డర్ల మధ్యలో ఫోను దుర్గ చేతికిచ్చేది. ఆ రోజు కూడా ఇచ్చింది. దుర్గ ఏదో రాసింది, పంపింది, ఎందుకో తన వైపు చెరిపేసింది. తల్లి చూడనే లేదు. ఈలోగా అది షాపులో కంప్యూటర్ మీద పడింది. ఆ ఫోనుకొచ్చే ఆర్డర్లు తెర మీద చూసి రాసుకునే గుమస్తా సుబ్బయ్య, మధ్యలో ఆ మెసేజి చదివి, లేచి నిలబడి, "పెద్దయ్యగారూ, శుభవార్తండి" అన్నాడట.

చదివి ఊరుకున్నా బాగుండేది. మెసేజి పక్కన టైము పడుతుంది కదా, పాండురంగారావుగారు ఆ టైమే పంతులుగారికి చెప్పి పంచాంగం చూపించారు. అలాంటి టైము అంత కచ్చితంగా ఇంతవరకూ ఏ ఇంట్లోనూ తెలియలేదనీ, అదంతా టెక్నాలజీ మహిమ అనీ ఆయన వచ్చినవాళ్ళందరితోనూ చెప్పుకున్నారు. గురువారం, రోహిణి నక్షత్రం. "పిల్ల మహా అణకువగా ఉంటుందిట. మెట్టినింటి మాట జవదాటదుట" అని ఆయన చెప్తుంటే అత్తగారు కళ్ళొత్తుకుంది. ఏ బట్టల మీద అయిందో కూడా చెప్పాలన్నారు పంతులుగారు. "ఏ గౌను మీదే?" అని నాయనమ్మ అడిగితే దుర్గ పెదవి విప్పలేదు. ఒంటి మీదున్న ఆకుపచ్చ గౌను చూసి, ఇదే అయ్యుంటుందని ఆవిడే ఫోనులో చెప్పేసింది.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరం? తొమ్మిదో రోజున షామియానా, దుర్గ ఫొటోతో ఫ్లెక్సీ, భోజనాలు. సరుకు తీసుకునే కొట్లవాళ్ళంతా వచ్చారు. పదేళ్ళుగా విజయకుమారి గొంతు మాత్రమే విన్న ఆ మగవాళ్ళంతా వరసగా వచ్చి, ఓణీలో కూర్చున్న పిల్ల నెత్తిన అక్షింతలు వేసి, చేతిలో కవర్లు పెట్టి వెళ్ళారు. దుర్గ తల ఎత్తలేదు. అందరూ సిగ్గు అనుకున్నారు. రోహిణి నక్షత్రం కదా అన్నారు.

ఆ రోజు నుంచీ పిల్ల తల్లి ఫోను ముట్టుకోలేదు. జాయ్సీ మెసేజిలు పేరుకుపోతున్నాయి. "అడుగుతోందే పాపం" అని విజయకుమారి ఫోను అందించబోతే, "షాపువాళ్ళని చదువుకోనీ" అని పుస్తకంలో తల దూర్చింది. ఫోనొక్కటే అయితే ఫరవాలేదు. మొన్న సైకిలు మీంచి పడి మోచెయ్యి చెక్కుకుపోతే, ఇంత ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని రెండు రోజులు తిరిగింది. చీము పట్టి జ్వరమొస్తే తప్ప బయటపడలేదు. "ఎందుకు చెప్పలేదే?" అని తల్లి గట్టిగా అడిగితే, "చెప్తే ఏం చేస్తారు, భోజనాలు పెడతారా?" అంది. ఇవాళ మోచెయ్యి, రేపు ఇంకేదన్నా అయితే? బస్సులో ఎవడో చెయ్యి వేస్తే, ట్యూషన్లో ఎవడో ఏదో అంటే, ఈ పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది?

షాపు కంప్యూటర్ గురించి భర్తని అడిగింది. "అదేంటి, నువ్వేగా కలిపింది" అన్నాడు, వింతగా చూస్తూ. నిజమే. మూడేళ్ళ కిందట ఒకరోజు షాపుకి రమ్మని, తెర మీద నల్లచుక్కల గళ్ళ క్యూఆర్ కోడ్ ముందు ఫోను పట్టుకోమంటే పట్టుకుంది. ఆర్డర్లు ఇందులో పడతాయి, ఒక్కొక్కటీ నువ్వు ఫోన్ చేసి చెప్పక్కర్లేదు అంటే, పని తగ్గుతుందని సంతోషించింది. బీకాం చదివిందే గానీ, ఆర్డర్లతో పాటు తన బతుకంతా అందులో పడుతుందని తట్టలేదు. ఎవరూ చెప్పలేదు. మొదట్లో వాళ్ళకీ తట్టి ఉండకపోవచ్చు. తట్టిన తర్వాత మాత్రం చెప్పాలని ఎవరికీ అనిపించలేదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. దెందులూరులో ఉండే చెల్లెలు గీతాంజలికి, దుర్గ చదువుతున్న స్కూల్లోనే అకౌంట్లు రాసే ఉద్యోగం ఖాళీ ఉందనీ అప్లై చెయ్యాలని ఉందనీ రాసింది. రెండో రోజు భోజనాల దగ్గర మామగారు ఎవరినీ చూడకుండా, "ఇంటి ఆడవాళ్ళు ఉద్యోగాలు చేసి తేవాల్సిన ఖర్మ మనకింకా పట్టలేదు" అన్నారు. ఈయనకెలా తెలిసిందా అని రాత్రంతా ఆలోచించి, గీతాంజలే ఎక్కడో నోరు జారి ఉంటుందని నిర్ణయించుకుంది. దానితో మనసు విప్పి మాట్లాడటం మానేసింది. గీతాంజలి 'ఏమైందక్కా, నామీద కోపమా?' అని ఎన్నోసార్లు మెసేజి పెట్టింది. పాపం, అవి కూడా సుబ్బయ్య చదివే ఉంటాడు. ఆడపడుచు గురించి ఒకసారి రాసుకున్న మాటలకి అత్తగారు నెలరోజులు మొహం మాడ్చుకుని తిరిగింది. గర్భసంచి స్కానింగ్ రిపోర్టు ఫోనుకి వచ్చిన మర్నాడు సుబ్బయ్య ఇంటికొచ్చి, "అమ్మగారూ, బరువులెత్తకండి" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది అప్పుడు. చెల్లెల్ని తను అనుమానించింది, తనని కూతురు అనుమానించింది. చదివినవాళ్ళు మాత్రం హాయిగా ఉన్నారు.

యాపుల కోసం వెతికింది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళ నేల మీద కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చదివింది. కొన్నింటికి పదమూడేళ్ళు నిండాలట. కొన్ని మొట్టమొదటే ఫోనులో ఉన్న నంబర్లన్నీ ఇమ్మంటున్నాయి. కొన్ని పిల్ల ఏ వీధిలో ఉందో కూడా చూపిస్తాయట. ఒకదాని మీద నవ్వుతున్న తల్లి బొమ్మ వేసి, పిల్లలకి తెలియకుండానే అన్నీ చూడొచ్చని రాశారు. ఆ తల్లి పళ్ళు చూస్తే ఒళ్ళు మండింది. అన్నీ అపరిచితుల గురించే చెప్తున్నాయి. తెలియనివాళ్ళు రాకుండా ఇన్ని తాళాలు, ఇన్ని గొళ్ళేలు. తాతయ్య నుంచి ఎలా కాపాడుకోవాలో ఏ ఒక్కదాంట్లోనూ లేదు.

ఆదివారం ఏలూరు వెళ్తానంది. జాయ్సీ వాళ్ళమ్మ హెప్సిబాని అడిగితే తెలుస్తుందని. "ఫోన్లో అడగొచ్చుగా" అన్నాడు శేషగిరి. ఏ ఫోన్లో అడగాలో అతనికి తట్టలేదు, ఆమె చెప్పలేదు. దుర్గని బతిమాలి వెంటపెట్టుకుని ప్యాసింజరెక్కింది. పిల్ల కిటికీ పక్కన కూర్చుని ఉంగుటూరు కాలవలూ, వరిచేలూ, దెందులూరు దగ్గర చేపల చెరువులూ చూస్తూ, ఏలూరు పవర్‌పేట స్టేషన్ వచ్చేదాకా తల తిప్పలేదు.

హెప్సిబా గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, జడ కూడా విప్పుకోలేదు. పిల్లలిద్దరూ మొదట కొత్తవాళ్ళలా చెరో గోడకీ ఆనుకుని నిలబడ్డారు. కాసేపటికి జాయ్సీ వచ్చి దుర్గ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. హెప్సిబా టీ ఇచ్చి తన ఫోను చూపించింది. జాయ్సీకి పెట్టిన యాప్‌కి పెద్ద గొప్పలేం లేవు. కొత్తగా ఎవరితో మాట్లాడాలన్నా తల్లి సరేననాలి. తల్లి మెసేజిలు చూడొచ్చు. అలా చూడొచ్చని మొదటి పేజీలోనే పిల్లకి పెద్ద అక్షరాల్లో కనపడుతుంది.

"చూడాలనిపిస్తే నేను దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే చూస్తానండి. దానికి తెలియకుండా మాత్రం చూడను" అంది హెప్సిబా.

"మీరు చూడనప్పుడు ఏదన్నా జరిగితేనో?"

"జరిగితే వచ్చి చెప్తుందండి. ఆ నమ్మకం ఉంటే ఏ యాప్ అయినా ఒకటేనండి. అది లేకపోతే ఏది పెట్టినా ఒకటే."

పిల్లకి ముందే చెప్పాలి. చూస్తున్నాం సుమా అని చెప్పి మరీ చూడాలి. పదకొండేళ్ళ పిల్లకి దక్కిన ఆ పాటి మర్యాద తనకి ఎవరూ ఇవ్వలేదని విజయకుమారికి టీ గ్లాసు చేతిలో ఉండగా తోచింది. కళ్ళు తడిశాయి. హెప్సిబా చూసీ చూడనట్టు ఫోను పక్కన పెట్టి నెమ్మదిగా అంది.

"ఆ రోజు దుర్గ పెట్టిన మెసేజి చూసి మీకు వెంటనే ఫోన్ చేద్దామనుకున్నానండి. జాయ్సీ వద్దంది. వాళ్ళమ్మకి తనే చెప్పుకుంటుంది, నువ్వు చెప్పకు మమ్మీ అంది. సరే, పిల్ల ముచ్చట పిల్లదని ఆగాను."

"నేను ఆ మెసేజి చూడలేదండి" అంది విజయకుమారి.

హెప్సిబా ఆశ్చర్యపోయింది. వెంటనే ఫోను ఇవ్వలేదు. జాయ్సీని పిలిచి, దుర్గని అడిగి రమ్మంది. లోపలి గదిలోంచి దుర్గ గొంతు స్పష్టంగానే వినపడింది. "చూపించవే, ఫరవాలేదు. అందరూ చదివారుగా, మా అమ్మ ఒక్కత్తే మిగిలింది."

విజయకుమారి చదివింది. 'జాయ్సీ, నాకు కూడా వచ్చింది. అమ్మకి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీట్లేదు. అమ్మకి ఎప్పుడూ ఆర్డర్లే. నువ్వు మీ మమ్మీకి ఫస్ట్ ఏమని చెప్పావు?'

రెండోసారి చదవబోతే అక్షరాలు కనపడలేదు. పిల్ల తన దగ్గర దాచలేదు. తన దగ్గరికి రావడానికే మాటలు వెతుక్కుంటోంది. ఆ మాటలు దొరికేలోగా షాపు నుంచి నువ్వులూ బెల్లం వచ్చేశాయి. బిడ్డ మొదటిసారి అమ్మా అని పిలిచినప్పుడు పక్కన ఎవరో పలికినట్టయింది ఆమెకి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. హెప్సిబా లేచి తలుపు దగ్గరగా వేసింది, అంతే.

తిరుగు ప్రయాణంలో రైలు ఖాళీగా ఉంది. విజయకుమారి తన ఫోనులో, దానికి కలిపిన కంప్యూటర్ పేరున్న పేజీ తెరిచి దుర్గ ఒళ్ళో పెట్టింది. "ఇదీ షాపు కంప్యూటర్. నా ఫోనులో ఏది వచ్చినా అక్కడ కనపడుతుందిట. నాకూ తెలియదమ్మా. నేను చెప్పలేదు. నాకు ఎవరూ చెప్పలేదు."

దుర్గ తెర వంక చాలాసేపు చూసింది. "పిన్నికి పెట్టినవి కూడానా?"

"అన్నీ."

"నువ్వు పాపం అమ్మా" అంది పిల్ల. వారాల తరవాత ఆ గొంతులో వెనకటి దుర్గ వినపడింది. "ఇక్కడ లాగవుట్ అని ఉంది. నొక్కితే?"

"షాపులో ఆగిపోతుంది."

"నాన్న తిడతారు."

"తిడతారు."

దుర్గ తల్లి మొహం చూసి, వేలు తెర మీద పెట్టి, ఇంకోసారి మొహం చూసి నొక్కింది. రైలు ఆగలేదు, ఆకాశం కూలలేదు. భీమడోలు దాటుతుండగా విజయకుమారి కొట్లవాళ్ళందరికీ ఒక మెసేజి రాసింది. రేపటి నుంచి ఆర్డర్లు షాపులో ఉన్న ఫోనుకి పంపగలరు అని ఆ నంబరు ఇచ్చింది. అక్కడితో ఆపేయబోయి, ఇంకో ముక్క కలిపింది. 'ఈ నంబరు విజయకుమారిది.'

దణ్ణం బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. ఆకివీడు కొట్టాయన మాత్రం వివరం అడిగాడు. 'విజయకుమారి అంటే ఎవరండీ?' పదేళ్ళుగా ఆయన దగ్గు వింటున్నది ఆమే. దుర్గ చదివి కిసుక్కున నవ్వింది, తర్వాత తల్లి నవ్వలేదని చూసి ఆపేసి, భుజం మీద తల వాల్చింది.

మర్నాడు భోజనాల దగ్గర గొడవ మొదలైంది. కంప్యూటర్‌లో పొద్దున్నుంచీ ఏమీ రావట్లేదని సుబ్బయ్య చెప్పాడట, నెట్ పోయిందేమోనని శేషగిరి అడిగాడు. పోలేదండి, నేనే తీసేశాను అంది విజయకుమారి పప్పు వడ్డిస్తూ. దుర్గకి యాప్ పెట్టాననీ, తన పాత ఫోనులో వేశాననీ, అందులో దానితో మాట్లాడేవాళ్ళెవరో తను చూస్తాననీ, చూస్తానని దానికి చెప్పే చూస్తాననీ వివరంగా చెప్పింది. షాపులో అది కనపడదు. తన ఫోను కూడా ఇక కనపడదు.

పాండురంగారావుగారు గొంతు సవరించుకున్నారు. "పిల్లని కాపాడుకోవాలా వద్దా అమ్మాయ్? రోజులెలా ఉన్నాయో చూస్తున్నావుగా. ఇంట్లోవాళ్ళకి తెలిస్తే తప్పేముంది?"

"మేం పరాయివాళ్ళమా?" అన్నాడు శేషగిరి.

ఇలాంటి ప్రశ్నలకి విజయకుమారి కాపురానికొచ్చిన నాటి నుంచీ ఒకటే జవాబు చెప్తూ వచ్చింది. లేదండి అనడం, వంటింట్లోకి వెళ్ళిపోవడం. ఇప్పుడూ కాళ్ళు అటే లాగాయి. చేతిలో పప్పు గిన్నె ఉంది, అది కింద పెట్టింది.

"కాదండి. పరాయివాడెవడో చదివి ఉంటే పిల్ల ఏడ్చుకుంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. చదివింది మీరు. ఇంక అదెక్కడికి వస్తుందండి?"

అత్తగారు మజ్జిగ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ మొహంలో కోపం కాక ఇంకేదో ఉంది. ఆవిడ గురించి కూడా ఒకప్పుడు ఎవరో ఊరంతా చెప్పే ఉంటారు, ఏ బట్టల మీదో అడిగే ఉంటారు. విజయకుమారికి ఆ ఆలోచన అప్పుడే వచ్చింది, జాలేసింది కూడా.

"మరి ఆర్డర్లో?" అన్నాడు శేషగిరి చివరికి.

"సుబ్బయ్యగారు చూసుకుంటారండి. మా మెసేజిలు చదివే పని తప్పింది కదా, ఆయనకిప్పుడు తీరికే."

శేషగిరి పెరుగన్నం కలుపుకోకుండానే లేచాడు. చెయ్యి కడుక్కుని అలవాటుగా పక్కకి చాచాడు. తువ్వాలు అందలేదు. కాసేపు తడి చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని నిలబడి, తనే వెళ్ళి కొక్కేనికున్నది తీసుకున్నాడు. ఇది ఇంతటితో అయిపోదని ఆమెకి తెలుసు. వారం రోజులు మాటలుండవు, ఆడపడుచు ఫోను చేస్తుంది, ఆర్డరు ఏది తప్పినా తన నెత్తినే రుద్దుతారు. అయినా సరే అనుకుంది. గీతాంజలికి ఫోను చెయ్యాలి, ముందు దానికి క్షమాపణ చెప్పుకోవాలి.

సాయంత్రం ఆమె వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఫోను మోగింది. కొత్త యాప్, కొత్త రకం చప్పుడు. దుర్గ స్కూలు నుంచొచ్చి పక్క గదిలోనే ఉంది. నాలుగడుగులు వేస్తే వచ్చి చెప్పగలదు. కానీ రాసింది.

'అమ్మా, నీకొక్కదానికే. గురువారం కాదు. బుధవారం, స్కూల్లో, పీటీ పీరియడ్‌లో. ఆయమ్మ హెల్ప్ చేసింది. అప్పుడు వైట్ యూనిఫాం వేసుకున్నాను. ఎవరికీ చెప్పకు.'

విజయకుమారి చదివి, చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని కూర్చుంది. హాల్లో పాండురంగారావుగారు ఎవరికో ఫోనులో గట్టిగా చెప్తున్నారు, మనవరాలిది రోహిణండి, మహా అణకువండి, మాట జవదాటదండి అని. వంటింటి గోడకి క్యాలెండర్ వేలాడుతోంది. ప్రతి తేదీ కింద ఆ రోజు నక్షత్రం చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. లేచి ఒక్క కాగితం వెనక్కి తిప్పితే ఆ బుధవారం ఏమిటో తెలిసిపోతుంది.

ఆమె లేవలేదు. 'చెప్పను' అని రాసి కూతురికి పంపింది. సాయిదుర్గ ఎలాంటి మనిషి అవుతుందో చెప్పే నక్షత్రం ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, తల్లికీ తెలుసుకోవాలని లేదు.